గాలి ఉద్యోగులు: టాంజానియాలో ఒక జిల్లా జీతాల పట్టీతో రెండేళ్ళు

స్వాహిలీలో ‘హేవా’ అంటే గాలి. ‘వతుమిషి హేవా’ అంటే గాలి ఉద్యోగులు. జీతాల పట్టీలో పేరుంటుంది, నెల తిరిగేసరికి బ్యాంకులో డబ్బు పడుతుంది, తీరా బడికి వెళ్ళి చూస్తే ఆ పేరుగల మనిషి అక్కడ ఉండడు. 2016 నుంచి 2018 దాకా టాంజానియాలో విక్టోరియా సరస్సు వైపు ఒక జిల్లా కౌన్సిల్‌లో ఈ పేర్లు ఏరే పని మీద ఉన్నాను. దాతల నిధులతో నడిచే ఒక ప్రాజెక్టులో పేరోల్ డేటా కన్సల్టెంట్‌ని. అంతకుముందు హైదరాబాద్‌లో ఆరేళ్ళు జీతాల సాఫ్ట్‌వేర్ మీదే పనిచేశాను కాబట్టి ఈ పని నాకు తెలిసిందే అనుకుని దిగాను. జిల్లా పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయను. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను, ఎందుకంటే పేరోల్ పని చేసే మనవాళ్ళు ఆఫ్రికా దేశాల్లో చాలామందే ఉన్నారు, వాళ్ళలో ఒక్కరికైనా ఇది పనికొస్తుందని నా ఆశ.

ముందు ఆ రోజులు ఎలా ఉండేవో చెప్పాలి. 2015 నవంబర్‌లో జాన్ మగుఫులి అధ్యక్షుడయ్యారు. అప్పట్లో అందరి నోటా ఒకటే మాట, ‘కుతుంబువా మజిపు’, అంటే సెగగడ్డలు చిదమడం. ప్రభుత్వంలో ఎక్కడ చీము పట్టిందో అక్కడ చిదిమేస్తానని ఆయన అనేవారు, జనం చప్పట్లు కొట్టేవారు. 2016 మార్చిలో కొత్త ప్రాంతీయ కమిషనర్లతో ప్రమాణం చేయించినప్పుడు, మీ ప్రాంతంలో గాలి ఉద్యోగులు ఎంతమందో 15 రోజుల్లో తేల్చమన్నారు. షిన్యాంగా ప్రాంతం కమిషనర్ తన దగ్గర ఒక్కరూ లేరని చెప్పారు. పైనుంచి బృందం వెళ్ళి లెక్క తీస్తే 45 మంది తేలారు. ఏప్రిల్‌లో ఆవిడ పదవి పోయింది.

ఆ ఒక్క సంఘటనతో దేశంలో ప్రతి ఆఫీసుకీ ఒక విషయం అర్థమైపోయింది: సున్నా అని చెప్పకూడదు. మా పని మొత్తం ఆ భయం నీడలోనే నడిచింది కాబట్టి దీన్ని ముందే చెబుతున్నాను. మే నెలకల్లా దేశం మొత్తం మీద తీసేసిన పేర్లు 10,000 దాటాయి, 2017 మొదటి నెలలకి 19,700 దాటాయి. లెక్క తేలేదాకా అని 2016 జూన్‌లో కొత్త నియామకాలు, ప్రమోషన్లు ఆపేశారు. చదువు పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలకి అది చాలా పెద్ద దెబ్బ. అక్కడ సర్కారీ ఉద్యోగానికి ఎంత ఆశపడతారంటే, 2014లో ఇమిగ్రేషన్ శాఖలో 70 పోస్టులకి ఇంటర్వ్యూ పెడితే పది వేల మందికి పైగా వచ్చారు, కూర్చోబెట్టడానికి చోటు లేక దార్ ఎస్ సలామ్‌లోని నేషనల్ స్టేడియంలో పరీక్ష పెట్టారు.

ఇక మా జిల్లా సంగతి. అక్కడ జిల్లా కౌన్సిల్‌ని హల్మషౌరి అంటారు. దాని కింద పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది టీచర్లే, తర్వాత నర్సులు, ఆరోగ్య సిబ్బంది, ఆ తర్వాతే ఆఫీసు ఉద్యోగులు. ఒక టీచరమ్మని తీసుకుంటే ఆవిడ మీద ఎన్ని ఆఫీసులకి అధికారం ఉందో చూడండి. సిలబస్ చూసుకునేది విద్యాశాఖ. బడులని నడిపేది తమిసెమి, అంటే ప్రాంతీయ పాలన, స్థానిక ప్రభుత్వాల శాఖ. ఉద్యోగిగా ఆవిడ రికార్డు, పేరోల్ అనుమతి ఉతుమిషి చేతిలో, అంటే అధ్యక్షుడి కార్యాలయం కింద ఉండే ప్రజాసేవల నిర్వహణ శాఖ. క్రమశిక్షణ, ప్రమోషన్ టీచర్స్ సర్వీస్ కమిషన్ చేతిలో. డబ్బు ఇచ్చేది హజీనా, అంటే ట్రెజరీ. రోజువారీ యజమాని మాత్రం జిల్లా కౌన్సిల్ డైరెక్టర్. ఇంతమంది ఉన్నా ఆవిడ చనిపోతే ఆ కబురు ఎవరు ఎవరికి చెప్పాలన్నది ఎవరి గోడ మీదా రాసి లేదు. రెండేళ్ళలో నాకు అర్థమైంది ప్రధానంగా ఇదే: ఉద్యోగంలో చేరడానికి పది కాగితాలు, నాలుగు సంతకాలు, ఇంటర్వ్యూ, సర్టిఫికెట్ తనిఖీ ఉన్నాయి, ఉద్యోగం నుంచి వెళ్ళిపోవడానికి దారే లేదు. గాలి ఉద్యోగుల్లో చాలామంది పుట్టింది ఆ లేని దారిలోనే.

హజీనా అన్న మాట మొదటిసారి విన్నప్పుడు నాకు భలే అనిపించింది, అది మన ఖజానాయే, రెండూ అరబ్బీ నుంచి వచ్చినవే. ప్రభుత్వాన్ని సెరికాలి అంటారు, వింటే మన సర్కారు వినపడుతుంది. రిజిస్టరు దఫ్తారి, లెక్క హేసాబు, వకీలు వకీలీ, గుమాస్తాని కరాని అంటుంటే కరణంగారు గుర్తొచ్చేవారు. మాతో పనిచేసిన అఫీసా ఉతుమిషి, అంటే జిల్లా హెచ్ఆర్ ఆఫీసరు, యాభై దాటిన పెద్దావిడ. నన్ను ‘కాకా’ అని పిలిచేది. మా ఖమ్మం వైపు కాక అంటే బాబాయ్, వాళ్ళకి అన్నయ్య. నేను ఆవిడని అందరిలాగే మామా అనేవాణ్ణి, అంటే అమ్మా అని. పొద్దున్నే నేను ‘షికమో’ అని పెద్దవాళ్ళకి పెట్టే దణ్ణం పెడితే ‘మరహబా’ అని బదులిచ్చేది, ఆ తర్వాతే కంప్యూటర్ మొహం చూసేది.

అక్కడ ప్రతి ప్రభుత్వోద్యోగికీ ఒక చెక్ నంబర్ ఉంటుంది. పేరు మర్చిపోయినా దాన్ని మర్చిపోరు. జీతం, లోను, బదిలీ, పెన్షన్ అన్నీ దాని మీదే. మేం చేసిన మొదటి పని చాలా మామూలుది: పేరోల్ సిస్టమ్ నుంచి చెక్ నంబర్ల జాబితా తీసుకుని, బడి బడికీ, జహనాతి జహనాతికీ (చిన్న ఆరోగ్య కేంద్రాలని అలా అంటారు) తిరిగి మనిషిని, చెక్ నంబర్‌ని, ఫొటో ఉన్న గుర్తింపు కార్డుని పక్కపక్కన పెట్టి చూడటం.

ఒక బడి సంగతి చెబుతాను. మట్టి రోడ్డు మీద దాదాపు రెండు గంటలు, చివరి భాగం బోడాబోడా మీద, అంటే అద్దె మోటార్ సైకిల్. మామిడిచెట్టు కింద ఒక బల్ల వేశారు. టీచర్లు వరసగా నిలబడ్డారు, ఒక్కొక్కరి చేతిలో ప్లాస్టిక్ కవరు, లోపల నియామక పత్రం, పదో తరగతి లాంటి ఫారం ఫోర్ సర్టిఫికెట్, తాజా జీతం స్లిప్పు. ఒక టీచరమ్మ ఆ కవరుని ఇంకో గుడ్డసంచిలో, ఆ సంచిని చంటిబిడ్డతో పాటు కాంగా గుడ్డలో కట్టుకొచ్చింది. నేను కాగితం చూసి ఇచ్చేటప్పుడు రెండు చేతులూ చాచి తీసుకుంది. ఆ చేతులు వణుకుతున్నాయి. ఆవిడ కాగితాల్లో ఏ తప్పూ లేదు, పద్నాలుగేళ్ళ సర్వీసు. అయినా అంత టెన్షన్. ఆ రోజు రాత్రి గెస్ట్ హౌస్‌లో ఉగాలి, సంగారా చేప ముందు పెట్టుకుని కూడా తినలేకపోయాను. మన దగ్గర పెన్షనర్లు ఏటా బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇవ్వడానికి క్యూలో నిలబడే దృశ్యం గుర్తొచ్చింది.

అదే బడిలో పట్టీలో ఉండి వరసలో లేని పేరు ఒకటి. హెడ్మాస్టర్‌ని, అక్కడ ‘మ్వాలిము మ్కూ’ అంటారు, అడిగితే కాసేపు నేల చూశాడు. తర్వాత చెప్పాడు. ఆ టీచరు చనిపోయి ఐదు నెలలైంది. భార్యకి ఉద్యోగం లేదు, నలుగురు పిల్లలు. ఏటీఎం కార్డు ఆవిడ దగ్గరే ఉంది. జీతం పడుతోందని ఊళ్ళో అందరికీ తెలుసు. మరణం నమోదు చేయించి సర్టిఫికెట్ తెస్తే, అప్పుడు కౌన్సిల్‌కి కబురు చేస్తే, జీతం ఆ నెలే ఆగిపోతుంది. కుటుంబానికి రావాల్సిన పెన్షన్ డబ్బు మాత్రం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ‘పిల్లల ఫీజు కట్టేదాకా ఆగుదామనుకున్నాను’ అన్నాడాయన. రేడియోలో, పేపర్లో గాలి ఉద్యోగి అంటే లంచగొండి ముఠా అన్నట్టు చెప్పేవారు. అలాంటి ముఠాలూ లేకపోలేదు, పేరోల్ గదిలో కూర్చుని లేని మనుషులని పుట్టించి జీతం తినే వాళ్ళని పట్టుకోవాల్సిందే. మా జిల్లాలో మాకు దొరికిన పేర్లలో ఎక్కువ మాత్రం ఇలాంటివే: చనిపోయినవాళ్ళు, రిటైరైనవాళ్ళు, చెప్పాపెట్టకుండా మానేసి వేరే ఊళ్ళో ప్రైవేటు బడిలో చేరినవాళ్ళు, పక్క జిల్లాకి బదిలీ అయ్యి రెండు చోట్లా పేరున్నవాళ్ళు.

ఇప్పుడు నేను చేసిన తప్పు. మొదటి విడత తిరిగొచ్చాక వరసలో కనపడనివాళ్ళ జాబితా ఒకటి తయారు చేసి మామాకి ఇచ్చాను. దానికి పెట్టిన శీర్షిక ‘హాజరు కానివారు’. నా లెక్కలో అది విచారణ మొదలుపెట్టాల్సిన జాబితా. కానీ పైనుంచి గడువు, రోజుకి రెండు ఫోన్లు, ఎంతమందిని తీశారు, ఎంతమందిని తీశారు అని. వారం తిరక్కుండా ఆ జాబితా ‘గాలి ఉద్యోగులు’ అన్న శీర్షికతో పైకి వెళ్ళింది, ఆ నెల అందరి జీతాలూ ఆగాయి. అందులో ఒక నర్సు ఉంది. కౌన్సిల్ అనుమతితోనే పై చదువుకి సెలవు పెట్టి మ్వాంజాలో చదువుతోంది. అనుమతి పత్రం ఫైల్లో ఉంది, సిస్టమ్‌లో ఎక్కించలేదు. మూడు నెలలు జీతం లేదు. హాస్టల్ ఖాళీ చేసి బంధువుల ఇంట్లో ఉంది. ఆవిడ చివరికి బస్సెక్కి మా ఆఫీసుకి వచ్చి, గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా, ‘నేను గాలినా?’ అని అడిగింది. కూర్చోమని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. ఆ జాబితా చేసింది నేను. శీర్షిక మార్చింది నేను కాదు, కానీ ఎలా మారుతుందో ఊహించాల్సింది నేనే. అప్పటికి షిన్యాంగా సంగతి నాకూ తెలుసు కదా.

బకాయిలు రాబట్టడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. ఆ తర్వాత నేను ఎక్కడ పనిచేసినా, మనిషి కనపడలేదన్న ఒక్క కారణంతో పేరు ఉన్న జాబితాని బయటికి ఇవ్వను. ప్రతి పేరు పక్కన మూడు గడులు ఉండాల్సిందే: ఎందుకు కనపడలేదు, ఎవరిని అడిగాం, ఏ కాగితం చూశాం. మూడూ నిండకపోతే ఆ పేరు నా కంప్యూటర్ దాటదు.

2017 ఏప్రిల్ 28న ఇంకో పిడుగు పడింది. డొడోమా యూనివర్సిటీలో అప్పటి ఉతుమిషి మంత్రి ఏంజెలా కైరుకి సర్టిఫికెట్ల తనిఖీ నివేదిక అధ్యక్షుడికి ఇచ్చారు. సుమారు 4 లక్షల మంది ఉద్యోగుల సర్టిఫికెట్లు చూస్తే 9,932 నకిలీవని తేలాయి. వాళ్ళందరూ మే 15 లోపు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోవాలి, లేకపోతే కేసులు అని అధ్యక్షుడు ప్రకటించారు. మంత్రులు, ఎంపీలు, జిల్లా కమిషనర్ల లాంటి రాజకీయ పదవుల్లో ఉన్నవాళ్ళకి ఈ తనిఖీ లేదు, అది అప్పుడూ ఇప్పుడూ నాకు మింగుడు పడలేదు. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోలేదు: 1,538 సర్టిఫికెట్లని 3,076 మంది వాడుతున్నారు. అంటే ఒక్కో సర్టిఫికెట్ మీద ఇద్దరు.

తనిఖీ ఎలా జరిగిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే పొరపాట్లు పుట్టేది అక్కడే. ఫారం ఫోర్, ఫారం సిక్స్, టీచర్ ట్రైనింగ్ పరీక్షలు నిర్వహించేది జాతీయ పరీక్షల మండలి, పేరు నెక్టా. ప్రతి అభ్యర్థికీ ఒక ఇండెక్స్ నంబర్ ఉంటుంది. బడి నుంచి రాస్తే ముందు ‘ఎస్’ అక్షరం, ప్రైవేటుగా రాస్తే ‘పి’. తర్వాత కేంద్రం నంబరు, తర్వాత అభ్యర్థి నంబరు, చివర సంవత్సరం. ఉద్యోగి ఇచ్చిన నంబర్‌ని నెక్టా రికార్డుతో పోల్చి సరిపోయిందా లేదా అని చెప్పేవారు. మా జిల్లాలో సరిపోని వాటిని ఒక్కొక్కటిగా తిరగేస్తుంటే ఒక వాచ్‌మన్ నుంచి టీచరైనాయన ఫైలు వచ్చింది. ఆయన పగలు కాపలా కాస్తూ ప్రైవేటుగా పరీక్ష రాసి పాసయ్యాడు. చేరినప్పుడు గుమాస్తా నంబర్ టైపు చేస్తూ ‘పి’ బదులు ‘ఎస్’ కొట్టాడు. ఆ ‘ఎస్’ నంబర్‌తో ఇంకెవరో అమ్మాయి పేరు వస్తోంది. కాగితం చేతిలో ఉంది, ముద్ర స్పష్టంగా ఉంది, కానీ స్క్రీన్ మీద ఆయన మోసగాడు. అప్పీలుకి రాయడానికి మామా రాత్రి ఎనిమిదింటి దాకా ఆఫీసులో కూర్చుంది, నేను జెనరేటర్ చూసుకుంటూ ఉన్నాను. ఆయన ఉద్యోగం నిలబడింది.

పేర్ల గొడవ ఇంకొకటి. అక్కడ ఇంటిపేరు అన్న పద్ధతి మనలా ఉండదు. సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు. పెళ్ళయ్యాక కొందరు భర్త పేరు చేరుస్తారు, మతం మారితే మొదటి పేరు మారుతుంది, బడిలో చేర్చినప్పుడు మామయ్య పేరు రాయించినవాళ్ళు ఉన్నారు. మన దగ్గర సర్టిఫికెట్లో ‘లక్ష్మి’, ఆధార్‌లో ‘మహాలక్ష్మి’ అయితే ఎంత తిప్పలో మనకి తెలుసు. అక్కడ దానికి మూడింతలు. అలాంటప్పుడు ప్రమాణ పత్రం, పెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోయేది, కానీ అవి తెచ్చుకోవడానికి సమయం కావాలి, సమయమే లేదు.

ఇద్దరు ఒకే సర్టిఫికెట్ వాడటం గురించి చెప్పాను కదా. మా జిల్లాలోనూ అలాంటి జంట ఒకటి తేలింది. ఒక జహనాతిలో నర్సు, పక్క జిల్లాలో ఒక టీచరు. ఒకే ఇండెక్స్ నంబర్, ఒకే పేరు, ఫొటోలు మాత్రం వేరు. అక్కచెల్లెళ్ళు. చెల్లెలు ఫారం ఫోర్ పాసైంది, అక్క తప్పింది. ఇంట్లో పెద్దవాళ్ళు చెల్లెలి సర్టిఫికెట్ మీద అక్కని నర్సింగ్ ట్రైనింగ్‌లో చేర్చారు. అక్క ఆ పేరుతోనే దాదాపు పద్దెనిమిదేళ్ళు ఆ జహనాతిలో కాన్పులు చేసింది. ఆ ఊళ్ళో ఆవిడ చేతిలో పుట్టిన పిల్లలు ఆ వరండాలోనే టీకాలు వేయించుకున్నారు. ఎవరి సర్టిఫికెట్ అసలో తేలేదాకా ఇద్దరి జీతాలూ ఆగాయి, అంటే ఏ తప్పూ చేయని చెల్లెలిది కూడా. చెల్లెలిది తేలడానికి మూడు నెలలు. అక్క వెళ్ళిపోయింది, ఎవరికీ చెప్పకుండా, మేం మళ్ళీ వెళ్ళేసరికి క్వార్టర్‌కి తాళం. ఆవిడని ఉంచమని నేను అనను. రోగి దగ్గర నిలబడే మనిషి చదువు నిజంగా చదివి ఉండాలి. కానీ ఆ జహనాతిలో తర్వాత చాలాకాలం నర్సు లేదు, ఎందుకంటే కొత్త నియామకాలు ఆపి ఉన్నాయి. తీసేసే ఉత్తర్వూ నింపకూడదనే ఉత్తర్వూ ఒకే కాలంలో అమలు కావడం వల్ల కాన్పుకి వచ్చిన ఆడవాళ్ళు ఎంత దూరం నడిచారో ఏ నివేదికలోనూ లేదు.

ఇవన్నీ చూశాక మేం పని దిశ మార్చాం. గాలి ఉద్యోగులని వెతకడం కాదు, మనిషి ఉద్యోగం వదిలిన రోజే ఆ కబురు జిల్లా ఆఫీసుకి చేరేలా చేయాలి. మామాకి ఈ ఆలోచన వెంటనే నచ్చింది, ఎందుకంటే ఆవిడ ఇరవై ఏళ్ళుగా అదే చెబుతోంది, వినేవాళ్ళు లేరు.

నేను ఆవిడకి మన పద్ధతి వివరించాను. మన దగ్గర ప్రతి నెలా డీడీవో, అంటే ఆఫీసులో జీతాల డబ్బు తీసి ఇచ్చే బాధ్యత ఉన్న అధికారి, జీతాల బిల్లు పెడితేనే ట్రెజరీ డబ్బు ఇస్తుంది. బదిలీ అయితే పాత ఆఫీసు నుంచి ఎల్‌పీసీ, అంటే చివరి జీతం సర్టిఫికెట్, రాకపోతే కొత్త ఆఫీసులో జీతం ఎక్కదు. మనకీ లొసుగులు ఉన్నాయి, కానీ అక్కడి సిస్టమ్ తీరు వేరు: ఒకసారి పేరు ఎక్కితే, ఎవరో ఒకరు పనిగట్టుకుని తీసేదాకా జీతం పడుతూనే ఉంటుంది. ‘అయితే మీ దగ్గర బద్ధకస్తుడి వల్ల జీతం ఆగుతుంది, మా దగ్గర బద్ధకస్తుడి వల్ల జీతం సాగుతుంది’ అంది మామా. ఇంత చక్కగా ఏ కన్సల్టెంటూ చెప్పగా నేను వినలేదు.

ఒక పేజీ ఫారం తయారు చేశాం. చెక్ నంబర్, పేరు, ఏమైంది (మరణం, రిటైర్మెంట్, బదిలీ, చదువు సెలవు, కారణం లేకుండా రావడం లేదు), ఏ తేదీ నుంచి, సంతకం. హెడ్మాస్టర్ నింపాలి, కాతా స్థాయిలో, అంటే మన మండలం కన్నా చిన్నది, విద్యా కోఆర్డినేటర్ చూసి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాలి. ఫారం వచ్చిన రోజే మామా జీతాన్ని ‘నిలుపు’లో పెట్టాలి, తీసేయకూడదు. ఈ తేడా మీద నేను చాలా పట్టుబట్టాను. నిలుపు అంటే ఆ మనిషి వచ్చి కాగితం చూపిస్తే వచ్చే నెల తిరిగి మొదలవుతుంది. తీసేస్తే మళ్ళీ కొత్త ఉద్యోగిలా మొదటి నుంచి ఎక్కాలి.

మొదటి మూడు నెలలు ఒక్క ఫారం రాలేదు. మేం బాధ్యతారాహిత్యం అనుకున్నాం. కాతాలకి వెళ్ళి అడిగితే కారణాలు రెండు. ఒకటి, ఫోన్‌లో డేటాకి సొంత డబ్బు పెట్టాలి. రెండోది అసలు కారణం: కబురు పంపితే చనిపోయిన సహోద్యోగి ఇంట్లో అన్నం ఆపేసినవాళ్ళం అవుతామని. మామిడిచెట్టు కింద నేల చూసిన హెడ్మాస్టర్ గుర్తొచ్చాడు. అప్పుడు ఫారం వెనక పక్కన రెండో పేజీ చేర్చాం: చనిపోయినవారి భార్య లేదా భర్త, పిల్లలు, వారసత్వ కాగితాలకి ఏం కావాలి, ఎవరు సాయం చేస్తారు. ఫారం వచ్చిన వారంలోగా కౌన్సిల్ నుంచి ఒకరు ఆ ఇంటికి వెళ్ళాలి, మరణ నమోదు నుంచి పెన్షన్ ఫండ్ దరఖాస్తు దాకా దగ్గరుండి చేయించాలి. డైరెక్టర్ ఒప్పుకోవడానికి రెండు మీటింగులు పట్టాయి. డేటా ఖర్చుకి నెలవారీ కాతా మీటింగ్‌లోనే ఫారాలు చేతికి తీసుకునేలా మార్చాం, వాట్సాప్ అత్యవసరానికి మాత్రమే.

అప్పటి నుంచి ఫారాలు రావడం మొదలైంది. హెడ్మాస్టర్లే మామాకి ఫోన్ చేసి ‘మా టీచరు పోయాడు, ఎవరిని పంపుతున్నారు’ అని అడిగేవారు. అది చూశాక నాకు నిద్ర పట్టింది. నేను వచ్చేసే ముందు చివరి ఆరు నెలల పట్టీ తిరగేస్తే, వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ఒకటి రెండు నెలలకి మించి నిలవలేదు. అంతకుముందు ఏడాది దాటినవి ఉండేవి.

అన్నీ నిలిచాయని చెప్పను. నేను వచ్చేశాక డైరెక్టర్ బదిలీ అయ్యాడు, ఇళ్ళకి వెళ్ళే మనిషికి బోడాబోడా ఖర్చు ఇవ్వడం ఆగింది, ఫారాలు తగ్గాయి. మరోవైపు దేశం స్థాయిలో మంచి మార్పులూ వచ్చాయి. 2018లో నాలుగు పెన్షన్ ఫండ్లని కలిపి ప్రభుత్వోద్యోగులందరికీ ఒకే ఫండ్ చేశారు, దాంతో కుటుంబాలు ఏ ఆఫీసుకి పోవాలో వెతుక్కునే బాధ తగ్గింది. తర్వాత విదేశీ పేరోల్ సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి తమ ఇంజనీర్లే రాసిన సిస్టమ్‌కి మారారు. ఉద్యోగి ఇప్పుడు తన రికార్డు తనే ఫోన్‌లో చూసుకోవచ్చు. ఆ ‘ఎస్’, ‘పి’ తేడా ఆ వాచ్‌మన్ మాస్టారికి అప్పుడే కనపడి ఉంటే ఎంత బావుండేది. ఏడో తరగతితో డ్రైవర్లుగా, అటెండర్లుగా చేరి, ఫారం ఫోర్ లేదని పోయినవాళ్ళలో చాలామందిని 2018లో తిరిగి తీసుకోమన్నారు. 2022లో అధ్యక్షురాలు సామియా సులుహు హసన్, నకిలీ సర్టిఫికెట్ల మీద తొలగించినవాళ్ళకి వాళ్ళ జీతం నుంచి కోసిన పెన్షన్ వాటా తిరిగి ఇవ్వమన్నారు.

ఆ ఏడాది నవంబర్‌లో మామా ఫోన్ చేసింది. అప్పటికి రిటైర్మెంట్‌కి దగ్గరలో ఉంది. కాన్పులు చేసిన ఆ అక్క వాటా డబ్బు ఫారం కోసం ఆఫీసుకి వచ్చిందట. ఐదేళ్ళుగా సరస్సు ఒడ్డున ఎండు చేపలు అమ్ముకుంటోంది. ఫారం నింపడం అంతా అయ్యాక పెన్ను పట్టుకుని, సంతకం ఏ పేరుతో పెట్టాలి అని అడిగిందట. కోత పడింది చెల్లెలి పేరు మీద, కష్టపడింది ఈవిడ. మామా పక్కనే ఉన్న కోర్టుకి వెంటబెట్టుకుని వెళ్ళి, రెండు పేర్లూ ఒకే మనిషివని ప్రమాణ పత్రం రాయించి, ఫారానికి పిన్ను కొట్టి పంపింది.